దగ్గితే మూత్రం పడే సమస్యకు టేపు ఆపరేషన్: ఏడాది దాటాక నా రివ్యూ

2025 జనవరిలో, సంక్రాంతి పోయిన పది రోజులకు, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నేను టీఓటీ అనే టేపు ఆపరేషన్ చేయించుకున్నాను. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువు ఎత్తినా మూత్రం పడిపోయే సమస్యకు చేసే ఆపరేషన్ అది. డాక్టర్లు దీన్ని స్ట్రెస్ యూరినరీ ఇన్‌కాంటినెన్స్ అంటారు. స్ట్రెస్ అన్నారు కదా అని మనసులో టెన్షన్ వల్ల వచ్చిందనుకోవద్దు, నేను చాలా రోజులు అట్లాగే అనుకున్నా. ఇక్కడ స్ట్రెస్ అంటే పొట్ట లోపల పడే ఒత్తిడి. దగ్గినప్పుడు ఆ ఒత్తిడి మూత్రసంచి మీద పడుతుంది, మూత్రనాళాన్ని కింద నుంచి పట్టి ఉంచాల్సిన కండరాలు కాన్పులతోనో వయసుతోనో వదులైపోయి ఉంటాయి, అందుకే మూత్రం ఆగదు.

ఆపరేషన్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. చేసిన డాక్టరుకు ఐదుకు ఐదు. హాస్పిటల్లో కౌంటరు, బిల్లు, కాగితాలు, వీటికి మాత్రం ఐదుకు రెండే. హాస్పిటల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే మీరు ఏ హాస్పిటల్‌కు పోయినా ఎదురయ్యేవి, అడగాల్సినవి దాదాపు ఇవే, నాకు కావలసింది వాటిని మీరు ముందే తెలుసుకుని పోవడం.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నా, వయసు నలభై ఆరు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే, పెద్దబిడ్డ నాలుగు కిలోల పిల్ల, పట్కారు వేసి తీశారు. రెండో కాన్పు తర్వాత మొదట్లో అప్పుడప్పుడు తుమ్మితే ఒక చుక్క పడేది, బాలింతకు మామూలే అన్నారు. నలభై దాటాక మామూలుగా లేదు. బాలామృతం ప్యాకెట్లు దించినప్పుడు, గుడ్ల ట్రేలు మోసినప్పుడు, ఏడ్చే పిల్లను చంకకు ఎత్తుకున్నప్పుడు పడిపోయేది. పాత కాటన్ చీర చింపి మడతలు పెట్టుకునేదాన్ని, ఎండాకాలం ఆ మడతలతో తొడలు ఒరుసుకుపోయి మంట. సెంటరులో బాత్రూం సరిగా లేదు, అందుకని పొద్దున నుంచి నీళ్ళే తాగేదాన్ని కాదు. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఆ కండరాలు ఇంకా వదులవుతాయి, అంటే నేను తగ్గించుకుంటున్నా అనుకుంటూ పెంచుకున్నానన్నమాట. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళకు బస్సు ఛార్జీ లేదు, అయినా నేను నల్లగొండకు కూడా పోయేదాన్ని కాదు, గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా గుండె జారిపోయేది. అన్నిటికంటే బాధ 2024 సద్దుల బతుకమ్మ నాడు. వంగి చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగానో లేదో తడిసిపోయింది. కాలు బెణికిందని చెప్పి అరుగు మీద కూర్చున్నా. మా ఆడబిడ్డ నూనె తెచ్చి కాలు రుద్దింది, ఆమెకు కూడా నిజం చెప్పలేకపోయిన.

డాక్టరు దగ్గరికి అంతకుముందే ఒకసారి పోయి ఉన్నాను, ఆ సంగతి రాయాలి, ఎందుకంటే మన దగ్గర చాలామంది అక్కడే తప్పిపోతారు. మాకు దగ్గరలోని ఒక నర్సింగ్ హోమ్. మూత్రం పడుతోందమ్మా అని చెప్పగానే స్కానింగ్ రాశారు. స్కానింగ్ చూసి గర్భసంచి వాచింది, తీసేస్తే ఇవన్నీ పోతాయి, పిల్లలు ఎట్లాగూ అయిపోయారు కదా అన్నారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూసింది లేదు, దగ్గించి చూసింది లేదు. ఆపరేషన్ తేదీ కూడా అడిగేశారు. ఇంటికొచ్చి మా అత్తమ్మతో చెప్తే ఆమె ఒక్క మాట అన్నది: "నా సంచి తీసి ఇరవై ఏండ్లాయె, నాకు ఆగిందా ఏంది?" అప్పుడు తెలిసింది ఆమెది కూడా ఇదే బాధ అని. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం గుడ్డలు ఉతుక్కుంటున్నాం అన్నేళ్ళూ.

అత్తమ్మ మాట నన్ను కాపాడింది. గర్భసంచి వేరు, మూత్రసంచి వేరు. గర్భసంచి తీస్తే దగ్గితే మూత్రం పడటం ఆగదు, కొందరిలో ఆ ఆపరేషన్ తర్వాతే ఈ సమస్య ఎక్కువవుతుంది కూడా. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కూలికి పోయే ఆడవాళ్ళు ముప్పై ఐదేళ్ళకే తీయించుకుని వచ్చి నడుం నొప్పులతో కూర్చోవడం మా ఊర్లోనే చూస్తున్నా. గర్భసంచి నిజంగా కిందికి జారితే, రక్తస్రావం ఆగకపోతే అది వేరే మాట. మూత్రం పడుతోందని చెప్పినందుకు గర్భసంచి తీస్తామంటే మాత్రం చీటీ పట్టుకుని బయటికి వచ్చేయండి, ఇంకో డాక్టరును అడగండి.

ఆ తర్వాత నల్లగొండలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయిన. మేడమ్ ముందు మందులు రాయలేదు, ప్రశ్నలు వేశారు. దగ్గినప్పుడు పడుతుందా, లేక ఆత్రంగా వచ్చి బాత్రూం చేరే లోపే పడుతుందా? ఈ ఒక్క ప్రశ్న మీదే వైద్యం అంతా ఆధారపడుతుందని తర్వాత అర్థమైంది. ఆత్రంతో పడే దానికి మాత్రలు ఉన్నాయి, దానికి ఈ టేపు ఆపరేషన్ పనికిరాదు. దగ్గితే పడే దానికి ఆ మాత్రలు పనిచేయవు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి, నాకూ కొంచెం అట్లాగే ఉంది, దగ్గితే పడేదే ఎక్కువ. మూడు రోజులు నోటుబుక్కులో లెక్క రాసుకుని రమ్మన్నారు: ఎన్ని నీళ్ళు తాగావు, ఎన్నిసార్లు పోయావు, ఒక్కోసారి ఎంత వచ్చింది, ఏం చేస్తుంటే పడింది. పాత ప్లాస్టిక్ జగ్గు మీద గీతలు పెట్టుకుని కొలిచిన. సిగ్గనిపించింది, కానీ ఆ మూడు రోజుల కాగితం చూసిన తర్వాత ప్రతి డాక్టరూ నన్ను నమ్మి మాట్లాడారు. తర్వాత మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు బల్ల మీద పడుకోబెట్టి దగ్గమన్నారు, దగ్గగానే పడింది. పరీక్ష అంతే, పైసా ఖర్చు లేదు. యూరిన్ కల్చర్, షుగర్ కూడా చేయించారు, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగర్ అదుపులో లేకున్నా మూత్రం ఇబ్బందులు పెరుగుతాయి.

మేడమ్ ఆపరేషన్ అనలేదు. మూడు నెలలు వ్యాయామం చేయి, బరువు తగ్గు, అప్పుడు మాట్లాడదాం అన్నారు. వీటిని కెగెల్ వ్యాయామాలు అంటారు, 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు చెప్పినవి. యూట్యూబ్ చూసి చేశాను చాలా రోజులు, లాభం లేదు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోతే తెలిసింది, నేను పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతున్నానని! సరైన పద్ధతి ఇది: గ్యాస్ పోకుండా, మూత్రం పోకుండా రెండూ ఒకేసారి ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని బిగించి పైకి లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. కొన్ని సెకన్లు పట్టి ఉంచి మెల్లగా వదలాలి. ఒక్కోసారి ఎనిమిది చొప్పున, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం అలవాటు చేసుకోవద్దని కూడా చెప్పింది. ఇంకో చిట్కా, తుమ్ము వస్తున్నట్టు అనిపించగానే ముందే బిగించేయడం, నాకు ఇది బాగా పనికొచ్చింది. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గిన, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్న. పడటం దాదాపు సగానికి తగ్గింది. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది, ఆపరేషన్ దాకా పోనవసరం లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. నాకు బరువులు ఎత్తే పని, మిగిలిన సగమే నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. అప్పుడు మేడమే హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా చేసే యూరాలజిస్టు దగ్గరికి చీటీ రాసిచ్చారు.

నకిరేకల్ నుంచి పొద్దున ఆరు గంటల బస్సు, చిట్యాలలో ఒకసారి, ఎల్బీనగర్‌లో దిగాక ఇంకోసారి బాత్రూం వెతుక్కుంటూ పోయిన. అక్కడ ఒక యంత్రంలో మూత్రం పోయమన్నారు, ధార ఎంత వేగంగా వస్తుందో అది గీత గీస్తుంది, తర్వాత స్కానింగ్‌లో లోపల ఎంత మిగిలిందో చూశారు. ఆపరేషన్ తర్వాత ధార సన్నబడే అవకాశం ఉంది కాబట్టి ముందు ఎట్లా ఉందో తెలిసి ఉండాలట. నాకు ఆత్రం కూడా కొంచెం ఉంది కాబట్టి సన్నని పైపు వేసి, మూత్రసంచిలో నీళ్ళు నింపుతూ చేసే యూరోడైనమిక్స్ కూడా చేశారు. సాదాగా దగ్గితే పడే సమస్య మాత్రమే ఉన్నవాళ్ళకు ఇది అందరికీ అవసరం లేదని సారే చెప్పారు, అందుకని మీకు రాస్తే ఎందుకని అడగండి. నొప్పి పెద్దగా లేదు, రెండు రోజులు మంట ఉండింది.

డాక్టరుకు ఐదుకు ఐదు ఇచ్చింది ఇక్కడే. తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీసి చెప్పారు. మూత్రనాళం మధ్య భాగం కింద ఒక సెంటీమీటరు వెడల్పున్న సన్నని జాలీ టేపు పెడతారు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో అల్లింది. దాన్ని బిగించి కట్టరు, ఊరికే కింద ఆనేటట్టు వదులుగా ఉంచుతారు. మామూలుగా ఉన్నప్పుడు దాని పని ఏమీ లేదు, దగ్గినప్పుడు నాళం కిందికి జరిగి ఆ టేపుకు ఆనుకుని మూసుకుంటుంది. కొన్ని వారాల్లో మన కండ ఆ జాలీలోకి అల్లుకుపోయి దాన్ని పట్టేస్తుంది. ఈ టేపును పొత్తికడుపు కింది ఎముక వెనక నుంచి పైకి తీస్తే టీవీటీ, స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1996లో చెప్పిన పద్ధతి. తొడల గజ్జల్లోంచి పక్కలకు తీస్తే టీఓటీ, ఫ్రాన్స్‌లో డెలార్మ్ 2001లో మొదలుపెట్టింది. ఫలితం రెండింటిదీ దాదాపు ఒకటే, మొదటి ఏడాది నూటికి ఎనభై మందికి పైగా బాగైందనే చెప్తారట. తేడా ఇబ్బందుల్లో ఉంది. టీవీటీలో సూది మూత్రసంచికి గుచ్చుకునే ప్రమాదం నూటికి నాలుగైదు మందికి, టీఓటీలో ఒకరి లోపే. టీఓటీలో గజ్జల నొప్పి ఎక్కువ, నూటికి ఆరుగురికి దాకా. టేపు యోని లోపలి పొరను చీల్చుకుని బయటపడటం రెండింటిలోనూ నూటికి ఇద్దరికి జరగవచ్చు. ధార సన్నబడటం, కొత్తగా ఆత్రం రావడం, ఇన్ఫెక్షన్, ఇవి కూడా ఉంటాయని దాచకుండా చెప్పారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆగడం మంచిదన్నారు, మళ్ళీ కాన్పు అయితే చేసిందంతా వదులు కావచ్చు.

టేపు వద్దనుకుంటే వేరే దారులు కూడా చెప్పారు. సొంత పొట్ట గోడ నుంచి గానీ తొడ నుంచి గానీ గట్టి పొరను పట్టీలా తీసి నాళం కింద వేసేది ఒకటి, బయటి వస్తువు ఏదీ ఒంట్లో ఉండదు, కానీ కోత పెద్దది, కోలుకోవడానికి రోజులు పడతాయి, కొందరికి మూత్రం సరిగా దిగక కొన్నాళ్ళు పైపు పెట్టుకోవాల్సి వస్తుంది. ఇంకోటి బర్చ్ ఆపరేషన్, 1961 నుంచి ఉంది, పొట్ట కోసి గానీ లాప్రోస్కోపీతో గానీ మూత్రసంచి మెడ దగ్గర కుట్లు వేసి పైకి కట్టేస్తారు. నాళం గోడలోకి జెల్ ఇంజెక్షన్ ఇచ్చేది కూడా ఉంది, చిన్న పని, కానీ ఫలితం తక్కువ, మళ్ళీ మళ్ళీ చేయించుకోవాల్సి రావచ్చు. ఏదీ ఈరోజే చెప్పొద్దు, ఇంటికి పోయి ఆలోచించుకుని రా అమ్మా అన్నారు. తేదీ రాసిచ్చి అడ్వాన్సు కట్టమనని డాక్టరును నేను మొదటిసారి చూసిన.

ఇంటికి వచ్చాక భయం మొదలైంది. మా పెద్దబిడ్డ బీఫార్మసీ చదివింది, ఫోన్లో చూసి "అమ్మా, ఇంగ్లండ్‌లో ఇది ఆపేసిండ్రు" అన్నది. ఆ రాత్రి నిద్ర లేదు. అదే మాట సార్‌ను ఫోన్ చేసి అడిగితే కోపం చేసుకోలేదు, రమ్మన్నారు, నేనూ బిడ్డా పోయినం. అది నిజమే. 2018 జులైలో బ్రిటన్‌లో ఈ టేపులను, గర్భసంచి జారినప్పుడు వేసే పెద్ద జాలీలను కూడా నిలిపేశారు, జాలీ వేయించుకుని నొప్పులతో నరకం చూసిన ఆడవాళ్ళు వేల మంది ముందుకొచ్చారు, 2020లో వాళ్ళ బాధల మీద పెద్ద నివేదిక వచ్చింది. అమెరికాలో 2019 ఏప్రిల్‌లో జారిన దానికి యోని ద్వారా వేసే పెద్ద జాలీల అమ్మకాన్ని ఆపమన్నారు, మూత్రం పడటానికి వేసే ఈ సన్నని టేపును మాత్రం ఆపలేదు. పెద్ద జాలీ చేటంత, ఇది రిబ్బన్ అంత, రెండింటి ఇబ్బందులూ ఒకటి కాదు అని సార్ చెప్పారు. దాంతోపాటే ఇంకో మాట కూడా చెప్పారు, నాకు అది నచ్చింది: "టేపు పెట్టడం అరగంట, ఇబ్బంది వస్తే మొత్తం తీయడం చాలా కష్టం. కొద్దిమందికే వస్తుంది, కానీ వచ్చినవాళ్ళకు అది నూటికి నూరు. ఆ మాట మనసులో పెట్టుకుని సంతకం పెట్టండి." ఆ ఇంగ్లండ్ ఆడవాళ్ళు అంతగా గొడవ చేయకపోతే ఇంత దూరంలో నకిరేకల్ నుంచి వచ్చిన నాకు ఈ మాటలు ఎవరూ చెప్పేవాళ్ళు కాదేమో, వాళ్ళకు నేను రుణపడి ఉన్నా. రెండు వారాలు ఆలోచించి, మా ఆయనతో, బిడ్డతో మాట్లాడి టీఓటీకే ఒప్పుకున్న. సొంత పొర ఆపరేషన్ చేయించుకుంటే అన్ని రోజులు సెలవు నాకు దొరకదు, అది కూడా ఒక కారణం.

ఆపరేషన్ సంగతి తక్కువే. నడుములో మత్తు సూది ఇచ్చారు, నడుం కింద అంతా మొద్దుబారింది, మెలకువగానే ఉన్నా. లోపల సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ కోత ఒకటి, రెండు గజ్జల్లో చిన్న గాట్లు. లోపలికి కెమెరా పెట్టి మూత్రసంచికి ఏమీ కాలేదని చూసుకుని ముగించారు. ముప్పావు గంటలో వార్డుకు తెచ్చారు. మర్నాడు పొద్దున పైపు తీసి, బాగా నీళ్ళు తాగించి, మూత్రం పోయమని కొలిచారు, స్కానింగ్‌లో లోపల తక్కువే మిగిలింది, అందుకే ఆ సాయంత్రం పంపేశారు. పక్క మంచంలో ఉన్న పాలమూరు అక్కకు మాత్రం మొదటిసారి దిగలేదు, మళ్ళీ పైపు పెట్టి మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆమె ఏడ్చింది, తర్వాత ఫోన్లో మాట్లాడితే రెండోసారికి బాగానే వచ్చిందని చెప్పింది. అట్లా జరిగితే ఆపరేషన్ చెడిపోయిందని భయపడొద్దు.

ఇంటికొచ్చాక మూడు వారాలు కుడి గజ్జలో నొప్పి. నడిస్తే తెలిసేది కాదు, పీట మీద నుంచి లేస్తుంటే, బస్సు మెట్టు ఎక్కుతుంటే లోపల నరం లాగినట్టు ఉండేది. రెండో వారంలో చలి, మంట వచ్చి కల్చర్ చేయిస్తే ఇన్ఫెక్షన్, మందులతో తగ్గింది. ఆరు వారాలు బరువు ఎత్తొద్దు, నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దు, ముక్కొద్దు, ఇంటాయనతో కలవొద్దు అన్నారు. ఈ ఆరు వారాలే మన ఆడవాళ్ళకు అసలు కష్టం. కోతే కనిపించదు కదా, బాగానే నడుస్తున్నావు కదా అని పదో రోజు నుంచే పనులు చెప్తారు. మా ఇంట్లో అత్తమ్మ అడ్డం నిలబడ్డది. బిందెలు మా ఆయన మోసిండు, సెంటరులో ఆయా మోసింది. మీకు అట్లా ఆదుకునే మనిషి ఎవరో ముందే చూసుకుని తేదీ పెట్టించుకోండి, నాట్లప్పుడో పత్తి ఏరేటప్పుడో అసలే పెట్టించుకోవద్దు. ఆ ఏడు మాఘంలో చెర్వుగట్టు జాతరకు పోలేదు, మెట్లు ఎక్కొద్దన్నారు, ఇంట్లోనే దండం పెట్టుకున్న.

ఫలితం ఇప్పుడు చెప్తా. పైపు తీసిన రోజు సాయంత్రం తుమ్ము వచ్చింది, అలవాటుగా కాళ్ళు ముడుచుకున్నా, ఒక్క చుక్క పడలేదు. అప్పటి నుంచి దగ్గితే, తుమ్మితే, పిల్లల్ని ఎత్తితే పడలేదు. జలుబు చేసి రెండు రోజులు విడవకుండా దగ్గినప్పుడు మాత్రం ఒకటి రెండు సార్లు తడి తెలిసింది. గుడ్డలన్నీ కాల్చేసిన. నీళ్ళు కడుపునిండా తాగుతున్నా. తగ్గనిది ఆత్రం: రాత్రి ఒకసారి లేవాలి, చల్లని నీళ్ళలో చేయి పెడితే వెంటనే పోవాలనిపిస్తుంది. దానికి ఈ ఆపరేషన్ కాదని ముందే చెప్పారు కాబట్టి మోసపోయానని అనుకోలేదు, టీ రోజుకు ఒకటికి తగ్గించి, గంట గంటకు పోకుండా మెల్లగా సమయం పెంచుకుంటూ ఉన్నా. ధార ముందుకంటే కొంచెం నెమ్మది, పూర్తిగా పోవడానికి ఇంకో నిమిషం కూర్చుంటా. నాలుగున్నర ఇచ్చి అర మార్కు తగ్గించింది గజ్జ నొప్పికి, దీనికి. పోయిన బతుకమ్మకు తొమ్మిది రోజులూ ఆడిన, సద్దుల నాడు చెరువు దాకా బతుకమ్మను తల మీద పెట్టుకుని పోయిన.

ఇక హాస్పిటల్. డాక్టరు అంత నెమ్మదిగా చెప్పిన విషయాన్ని కౌంటరులో పిల్లాడు పదిమంది ముందు "మూత్రం లీకేజీ ఆపరేషన్ ఎవరమ్మా" అని అరిచి పిలిచాడు. నా వెనక మా ఊరి దారిలోని వాళ్ళే ఇద్దరు కూర్చుని ఉన్నారు. పేరుతో పిలవండి బాబూ అని చెప్పిన, తలెత్తి చూడలేదు. ఇన్నేళ్ళు దాచుకున్నది బయటికి తీసి వైద్యానికి వచ్చిన మనిషిని అట్లా పిలిస్తే ఆమె అక్కడి నుంచే వెనక్కి పోతుంది. పైపు మార్చడానికి మగ అటెండరును పంపారు, సిస్టర్ వచ్చేదాకా చేయించుకోనని పట్టుబట్టిన. మీరు కూడా పట్టుబట్టండి, అది మన హక్కు.

ఖర్చు ముందు తొంభై ఐదు వేలు అన్నారు, చివరికి లక్షా ఇరవై నాలుగు వేలు అయింది. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం టేపుదే, చెప్పిన ధర ఒకటి, వేసిన ధర ఒకటి. ఏ కంపెనీ టేపు, ఏ రేటు అని కాగితం మీద రాయించుకోకపోవడం మా పొరపాటు, రాయకుండా వేయడం వాళ్ళ తప్పు. అంతకంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. ఒంట్లో పెట్టే ఏ వస్తువు డబ్బా మీదైనా కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది, ఒకటి మన కాగితాల్లో అంటించి ఇవ్వాలి. పదేళ్ళ తర్వాత ఏదైనా ఇబ్బంది వస్తే లోపల ఉన్నది ఏమిటో ఇంకో డాక్టరుకు తెలిసేది దాంతోనే. నా డిశ్చార్జి కాగితంలో "స్లింగ్ పెట్టాము" అని మాత్రమే ఉంది, స్లింగ్ అంటే ఈ టేపే. స్టిక్కర్ అడిగితే ఫైల్లో ఉంది అన్నారు, ఫైలు రికార్డు రూములో ఉంది అన్నారు, రికార్డు రూము పై అంతస్తు అన్నారు. నాలుగుసార్లు అడిగితే, చివరికి సార్‌తో చెప్పిస్తే, ఆరు వారాల చెకప్ నాడు ఫోటోకాపీ ఇచ్చారు. దాన్ని ల్యామినేషన్ చేయించి రేషన్ కార్డుతో పాటు పెట్టిన. పెరిగిన టేపు ధర గురించి రాసిచ్చిన అర్జీకి ఇప్పటికీ జవాబు లేదు.

డబ్బు కట్టే ముందు ఆరోగ్యశ్రీ సంగతి కూడా కనుక్కోండి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు, హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఉంటుంది, ఆపరేషన్ పేరు చీటీ మీద రాయించుకుని పోయి ఈ ఆపరేషన్‌కు, ఈ హాస్పిటల్‌కు వర్తిస్తుందా అని సూటిగా అడగండి. మేము అడగకుండానే కట్టేశాం. బీబీనగర్ ఎయిమ్స్ మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఉంది, హైదరాబాద్ కంటే మనకు దగ్గర, అక్కడి ఓపీలో ముందు చూపించుకుని ఉంటే ఇంకో మాట కూడా తెలిసేది, అది నేను చేయలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

డాక్టరును అడగడానికి మొహమాటపడొద్దు: ఏడాదికి ఇట్లాంటివి ఎన్ని చేస్తారు, ఇబ్బంది వస్తే టేపు తీయడం మీకు వచ్చా లేక ఎక్కడికి పంపుతారు? మా సార్‌ను బిడ్డ ఈ రెండూ అడిగింది. ఆయన సంతోషంగానే చెప్పారు. ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టరు దగ్గర మాత్రం నేను చేయించుకోను.

నా సంగతి ఇంట్లో అందరికీ తెలిశాక మా యారాలు ఒక రోజు పప్పు రుబ్బుకుంటూ మెల్లగా అన్నది: "అక్కా, నాకు సుత గట్లనే అయితది, నాలుగేండ్లాయె, ఎవలకు చెప్పాలె?" ఆమెకు ముప్పై ఎనిమిది. హైదరాబాద్ మాట ఎత్తలేదు నేను. నల్లగొండ మేడమ్ దగ్గరికి వచ్చే బుధవారం తీసుకుపోతున్నా, నా పాత జగ్గు ఇచ్చిన, మూడు రోజుల లెక్క మొన్నటి నుంచి రాస్తున్నది.